దిండు నొక్కి చూసే మనిషి

మొన్న ఆదివారం పొద్దున పదకొండింటికి గుంటూరులో మా వీధిలోకి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. నేను వంటింట్లో ముక్కలు పొయ్యి మీద వేసి, పులుసుకి చింతపండు పిసుకుతున్నాను. "పాత పరుపులు ఏకుతామమ్మా... దిండ్లు ఏకుతామమ్మా... రాయల్లే గట్టిపడ్డ పరుపైనా వెన్నల్లే చేసి ఇస్తామమ్మా..." అని మైకులో ఒక ఆడగొంతు. ఆ చివరి 'అమ్మా' దగ్గర కాస్త గీర, కాస్త నవ్వు. ఆ గొంతు నాకు తెలుసు. చింతపండు చేత్తోనే మెట్లు దిగి పరిగెత్తాను.

ఆటోలో ఆవిడ లేదు. ఆవిడ అల్లుడున్నాడు. నన్ను గుర్తుపట్టి ఆటో ఆపి, మైకు కట్టేశాడు.

"పిన్ని రాలేదా అయ్యా?" అన్నాను ఆటో వెనక్కి తొంగి చూస్తూ.

"అత్త పోయి ఆరు నెలలైందక్కా. రెండు రోజులు జొరం, అంతే. మా ఆవిడ ఆ గొంతు తీసెయ్యమంటది, వింటే ఏడుపొస్తందంట. నాకేమో మనసొప్పలా. పైగా నా గొంతు పెట్టి వారం తిరిగా. ఒక్కళ్లు కూడా దిండు బయటికి తేలా" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే నిలబడ్డాను. పక్కింటావిడ రెండు దిండ్లు తెచ్చి ఇచ్చింది. అతను వాటిని వెనక పడేసుకుని, మైకు మళ్లీ వేసుకుని, సందు తిరిగాడు. పోయిన మనిషి సందు చివరిదాకా అందర్నీ పిలుస్తూనే వెళ్లింది. నేను పైకి వచ్చేసరికి పులుసు ముక్కలు మాడిపోయి ఉన్నాయి. ఆ పూట మా ఇంట్లో మజ్జిగే గతి అయింది.

ఆవిడ పేరు నాకు తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనెప్పుడూ అడగలేదు. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో అందరికీ ఆవిడ పరుపులావిడే. నేను మాత్రం పిన్నీ అనేదాన్ని.

మా ఊరికి ఒక పక్కంతా పత్తి, ఇంకో పక్కంతా మిరప. దూదేకేవాళ్ల ఇళ్లు నాలుగుండేవి. స్పాంజి పరుపులొచ్చాక మూడిళ్లవాళ్లు వేరే పనుల్లోకి పోయారు. ఈవిడ పోలేదు. స్పాంజి మాటెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేది. "అది పరుపేందమ్మా, ఇడ్లీ! పడుకున్నోళ్లు ఉడికిపోతారు" అనేది. ఎవరైనా కొత్తగా కొన్న స్పాంజి పరుపు చూపిస్తే, "చట్నీ ఏది?" అని అడిగేది.

పొట్టి మనిషి. కనుబొమల మీదా, చెవుల వెనకా, చీర కుచ్చిళ్లలోనూ ఎప్పుడూ దూది పోగులు ఉండేవి. "ముప్పై ఏళ్లప్పుడే నన్ను ముసల్దనుకున్నారు. అరవై వచ్చేసరికి ఎవరికీ తేడా తెలియలా. వయసు దాచుకునే బాధ తప్పింది నాకు" అని తనే నవ్వేది.

ఎదురుగా ఏది కనబడినా అరచేత్తో నొక్కి చూడటం ఆవిడ అలవాటు. పిల్లల బుగ్గలు, పుచ్చకాయలు, బస్సు సీట్లు, మడిచిపెట్టిన దుప్పట్లు, ఏదీ వదిలేది కాదు. ఒకసారి సంతకానికి తోడు రమ్మంటే పేటలో బ్యాంకుకి నేనూ వెళ్లాను. మేనేజరు గారు ఫైలు కోసం లేచాడు. ఈవిడ ఊరుకుంటుందా! ఆయన కుర్చీ నొక్కి చూసి, "సారూ, ఇందులో దూదంతా ఒక పక్కకి పోయింది. తమరికి ఎడమ నడుం లాగుతందా?" అంది. నేను తలెక్కడ పెట్టుకోవాలో తెలియక ఫ్యాను వైపు చూస్తున్నాను. ఆయనేమో పాపం, "లాగుతోందమ్మా, రెండేళ్ల నుంచి" అన్నాడు.

దిండు నొక్కితే ఆ ఇంటి సంగతంతా చెప్పేసేది. "ఇది ఎవరి దిండు? ఒక అంచే అణిగింది. గోడకేసి తిరిగి పడుకుంటన్నారు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవట్లా" అని ఒకరింట్లో అందట. ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. మా అమ్మకి ఆవిడంటే హడలు. దిండ్లు ఇచ్చేముందు ఎండలో వేసి, కర్రతో బాది, ఇంటి గుట్టంతా దులిపి మరీ ఇచ్చేది.

ఆవిడ దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ప్రతి దిండులోనూ మొదటి గుప్పెడు దూది పెట్టేటప్పుడు "బిస్మిల్లా" అనేది. ఆ దిండు నిండి, మూతి కుట్టి, దారం పళ్లతో తెంపేదాకా టీ ముట్టేది కాదు. చల్లారిపోతోంది పిన్నీ అంటే, "చల్లారనీ. నా మూతికంటే ముందు దీని మూతి" అనేది.

ఇంత నోరున్న మనిషి ఒక్క మాట మాత్రం ఎనిమిదేళ్లు కడుపులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. అది మా ఇంటి మాట. మా అమ్మ ఇలాంటివి చదవదు, చదవాలనిపించినా ఆవిడకి కళ్లజోడు దొరకదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నా మొదటి పురుడు ఏప్రిల్లో, పుట్టింట్లో. ఆ ఏడు మిరప రేటు పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదని నాన్న కాయలన్నీ ఇంటికి తెచ్చి, వసారా నిండా గోతాలు నిలబెట్టాడు. కొత్తవాళ్లెవరొచ్చినా మా గడపలోనే తుమ్మేవాళ్లు. మాకు మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు. ఆ గాలిలో పుట్టిన ముక్కులు మావి. అయినా పసిపిల్ల కదా అని, నన్నూ పాపనీ దూరంగా పెరటివైపు గదిలో ఉంచారు.

పాలివ్వడమంటే తల్లీబిడ్డా ఒకరినొకరు చూసుకుని మురిసిపోవడం అనుకున్నాను. నా మొహం! పాప నోరు పెట్టగానే అరికాలి దాకా మంట పాకేది. చనుమొనలు రెండూ పగిలి, జాకెట్టుకి నెత్తురు చెమ్మ అంటేది. ఆ పిల్లైనా కుదురుగా తాగిందా? రెండు గుక్కలు తాగేది, తుమ్మేది, మెడ వెనక్కి విరుచుకునేది. గుప్పిళ్లు బిగించి నా గుండెల మీద గుద్దేది. నోట్లో మొన వదలకుండానే మొహం అటు తిప్పేది. అప్పుడు నా కళ్ల ముందు చుక్కలు కనబడేవి. నేను అబ్బా అని వెనక్కి లాక్కునేదాన్ని. అది ఆకలని కెవ్వుమనేది. మళ్లీ మొదలు.

తలా ఒక మాట అన్నారు. అమ్మ పాలు చాలడం లేదని రోజూ తెలగపిండి కూర, మునగాకు పెట్టింది. ఎదురింటావిడ దిష్టి తీసింది. చూడటానికొచ్చిన నర్సమ్మ, "మొదట్లో ఇట్టాగే ఉంటది, అలవాటవుద్ది" అని ఇంకో ఇంటికి వెళ్లిపోయింది. పాప బుగ్గ ఎర్రగా కందితే చెమటకాయలన్నారు. తుమ్మితే జలుబన్నారు. ఒకరోజు అమ్మ అన్నం కలుపుతూ మామూలుగానే అంది, "ఉయ్యాల్లో ఏస్తే ఎంత బుద్ధిగా పడుకుంటదో! నీ ఒళ్లోకి రాగానే ఏం మాయరోగమో దీనికి" అని.

చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాను. నిజమే కదా! ఉయ్యాల్లో నవ్వుతుంది. అమ్మ భుజం మీద నిద్రపోతుంది. నా ఒళ్లో మాత్రం మెలికలు తిరిగిపోతుంది.

ఇరవయ్యొకటో రోజున బారసాల. అప్పటికీ ఇలాగే ఉంటే డబ్బా పాలు పడదామని ఇంట్లో అందరూ అనుకున్నారు. మా ఆయన ఒంగోలు నుంచి వస్తూ డబ్బా కూడా తెచ్చాడు. డబ్బా పాలంటే నాకేమీ చిన్నచూపు లేదు. మా తమ్ముడు ఆ పాలు తాగే ఆరడుగులు పెరిగాడు. నా బాధ వేరు. నా పిల్లకి నేను నచ్చలేదని నాకు నమ్మకం కుదిరిపోయింది. అంతకంటే సిగ్గుమాలిన సంగతి, నాకూ అదంటే భయం పట్టుకుంది. ఉయ్యాల తాడు కదిలితే చాలు, లేచి నిలబడేదాన్ని. ఏడుపు మొదలవగానే బాత్రూంలోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో కూర్చునేదాన్ని. కన్నబిడ్డ ఏడుపు వినబడకుండా కుళాయి తిప్పుకున్న తల్లి ఎక్కడైనా ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

పద్నాలుగో రోజున పరుపులావిడ వచ్చింది. బారసాలకి చుట్టాలొస్తారని అమ్మ పాత పరుపులన్నీ ఏకించడానికి పిలిపించింది. పెరట్లో అల్లుడు మిషను తిప్పుతున్నాడు. అమ్మ కల్లం దగ్గర నాన్నకి అన్నం ఇచ్చి రావడానికి వెళ్లింది. ఆవిడ "పసిదాని దిండు కూడా ఇస్తావా అమ్మాయ్, ఒక ఊపు ఊపిస్తా" అంటూ గదిలోకి వచ్చేసరికి, నేనూ పాపా ఇద్దరం ఏడుస్తున్నాం.

ఎవరైనా అయితే మొహం తిప్పుకునేవాళ్లు. ఈవిడ గుమ్మంలో నిలబడి, పని నేర్చుకునేదానిలా తేరిపార చూసింది. తర్వాత వచ్చి పాపని ఎత్తుకుని భుజాన వేసుకుంది. అది టక్కున నోరు మూసింది.

"చూశావా? అందరి దగ్గరా బాగానే ఉంటది. నా దగ్గరే దానికి రోగం" అన్నాను.

ఆవిడ నా ఒళ్లో ఉన్న దిండు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. పాపకి పాలిచ్చేటప్పుడు ఎత్తు కోసం ఒళ్లో పెట్టుకునే దిండు అది. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి, వరసగా మూడు తుమ్ములు తుమ్మింది.

"ఈ దూది యాడిదమ్మాయ్?"

"మా చేలోదే. మొదటి తీతలో మంచి పత్తి ఏరి, అమ్మే గింజలు తీసి దాచింది. దిండు కూడా తనే కుట్టింది."

"దేంట్లో దాచింది?"

"గోతంలో."

"ఏం గోతం?"

మా ఇంట్లో గోతమంటే మిరపకాయల గోతమే. వేరే గోతం ఎక్కడుంటుంది?

ఆవిడ పళ్లతో దిండు మూల కుట్టు తెంపింది. చిటికెడు దూది తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు చికిలించి, ఇంకో చిటికెడు నా నోట్లోనూ పెట్టింది. మూడు లెక్కపెట్టేలోపు నాలుక చివర చురుక్కుమంది. పద్నాలుగు రోజులుగా నా పిల్ల బుగ్గ ఆనించి పాలు తాగింది దాని మీదే. గలీబు ఉతికి మార్చాం, పాపకి స్నానాలు చేయించాం, దిష్టి తీశాం. దిండు లోపల ఏముందో ఎవరికి తడుతుంది?

ఒళ్లు మండిపోయింది నాకు. "అమ్మా!" అని అరవబోయాను. అమ్మ ఇంట్లో లేదని కూడా గుర్తు లేదు. ఆవిడ దూది అంటిన చెయ్యి నా నోటి మీద వేసి గట్టిగా నొక్కింది.

"నోరు ముయ్. మీ అమ్మ ఎన్నాళ్లు కూర్చుని ఒలిచిందీ గింజలు?"

"నాకు ఐదో నెల వచ్చిన దగ్గర్నుంచీ" అన్నాను. నిజంగానే, ఫోన్ చేసినప్పుడల్లా ఒక్కటే మాట, ఇంకో గుప్పెడు ఒలిచానే అని.

"మరి? ఇప్పుడు నువ్వు చెప్పావనుకో, ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా కుమిలిపోద్ది. బతికున్నన్నాళ్లూ తిన్న ముద్ద ఒంటబట్టదు. తీసిపారేస్తే పోయేదానికి అంత గోలెందుకు? నేను చూసుకుంటా, నువ్వు ఊరుకో."

అమ్మ కల్లం నుంచి వచ్చేసరికి ఆ దూదంతా ఒక కొత్త గుడ్డలో మూట కట్టి ఉంది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను, ఏం చెబుతుందా అని.

"అమ్మా, ఇంత మంచి దూది నేను పుట్టి బుద్ధెరిగి చూళ్లా. ఒక్క గింజ తగల్లా చేతికి! దీన్ని పసిదాని ఉచ్చలకి పాడుచేస్తావేంది? దాచిపెట్టు. దీని పెళ్లిపరుపులో పోద్దాం. ఇప్పటికి నా దగ్గర బూరుగు దూది ఉంది, అది చాల్లే" అంది పరుపులావిడ.

మా అమ్మ మొహం చేటంతైంది. ఆ రోజు సాయంత్రం లోపు వీధిలో అందరికీ చెప్పుకొచ్చింది, పరుపులామె అంతటిది నా దూదిని మెచ్చుకుందని. ఆ మూట ఇప్పటికీ మా అటక మీదే ఉంది. ఆ పరుపు మీద పడుకోబోయే అల్లుడి గతి తలుచుకుంటే నాకు జాలేస్తుంది. ఒకసారి పిన్నితో ఆ మాటే అంటే, "అప్పటికి ఘాటు పోద్దిలే. పోకపోతే మొగుడూ పెళ్లాలు మెలకువగా ఉంటారు, మంచిదే" అని కన్నుగీటింది.

పాపకి ఆ పూటే కొత్త దిండు కుట్టి ఇచ్చింది. ఒక పక్క లావుగా, ఇంకో పక్క సన్నగా, వంకరగా, అచ్చం జీడిపప్పులా ఉంది. నా నడుం చుట్టూ చేర్చి పెట్టి చూసుకుని, మళ్లీ విప్పి, ఇంకో గుప్పెడు కూరింది. ఆ టీ మూడుసార్లు వేడి చేయాల్సి వచ్చింది.

అంతటితో తీరిపోతే ఎంత బాగుండును! తుమ్ములు ఆగాయి గానీ, నా పుండ్లు ఎక్కడికి పోతాయి? పాప మొహం దగ్గరికి తేగానే నా భుజాలు బిగుసుకునేవి. నేను బిగుసుకుంటే అదీ గింజుకునేది. మర్నాడు పొద్దునకి ఎడమ వైపు గడ్డ కట్టి రాయిలా అయింది. చెయ్యి పైకెత్తలేకపోయాను.

పరుపుల పని రెండో రోజు కూడా ఉంది కాబట్టి ఆవిడ మళ్లీ వచ్చింది. వచ్చీ రాగానే గదిలోకి తొంగి చూసి, నా వాలకం చూసి, మిషను ఆపించింది. తువ్వాలు వేణ్ణీళ్లలో ముంచి పిండి, రొమ్ము మీద పరిచింది. కాసేపయ్యాక అరచెయ్యి ఆనించి మెల్లగా, మొన వైపుకి సాగదీస్తూ నిమిరింది. ఉండకట్టిన దూదిని విప్పేటప్పుడు ఎంత ఓపికో, అంత ఓపిక. "జొరం గానీ వచ్చిందా, నాకు చెప్పడం కాదు, డాక్టరు దగ్గరికి పరిగెత్తు. ఏకడానికి నువ్వేం పరుపువి కాదు" అని కసిరింది.

ఏడుపు వచ్చేసింది నాకు. ఆ చేతి వెచ్చదనానికో ఏమో, ఎవరికీ చెప్పని మాట బయటికి వచ్చేసింది. "పిన్నీ, నాకు ఈ పిల్లంటే భయమేస్తోంది. ఏడుస్తుంటే పారిపోవాలనిపిస్తోంది. కుళాయి తిప్పుకుని కూర్చుంటున్నాను" అన్నాను.

చీదరించుకుంటుందేమో అనుకున్నాను. ఆవిడ తువ్వాలు తిరగేసి పరిచి, తాపీగా అంది.

"నీకు కుళాయన్నా ఉంది. నేను మా పెద్దదాన్ని పరుపు మీద వదిలేసి, దూది బస్తాల వెనక దూరి, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నా. దూదికి కొదవా మా ఇంట్లో! నొప్పి అట్టా ఉండేది నాకు. మా అత్త వచ్చి చూసి, ఇది తల్లా అంది. ఆ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలా."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఆ పెద్దదాని మొగుడే బయట మిషను తిప్పేది. నేనంటే ప్రాణం పెట్టుద్ది నా కూతురు. నీ పిల్లకి నువ్వు నచ్చకపోవడం ఏందే పిచ్చిదానా! దానికి మంటేసింది, నీకు నొప్పేసింది. ఇద్దరూ ఏడ్చారు. అంతే."

నిజం చెబుతున్నాను, ఆ 'అంతే' వినగానే నా గుండెల మీద నుంచి ఏదో దింపినట్టయింది. తల్లి అనిపించుకోవడానికి నేను పనికిరాననే మాట పదిహేను రోజులుగా మోస్తున్నాను. ఆవిడ దాన్ని ఒక్క ఊపులో దులిపి పారేసింది.

జీడిపప్పు దిండు నా నడుం చుట్టూ పెట్టి, పాపని పక్కకి తిప్పి, దాని పొట్ట నా పొట్టకి ఆనించింది. "వంగకు. నువ్వెందుకు వంగుతావు? పిల్లని నీ దగ్గరికి తెచ్చుకో. మొన చివర ఒక్కటే పెడితే నములుద్ది. దిండు మూతి చిన్నదని దూది చిన్నచిన్నగా పెడతామా? మూతి బాగా తెరిచి గుప్పెడంతా కూరుతాం. ఉండు... నోరు పెద్దగా తెరవనీ... ఇంకా... ఆఁ, ఇప్పుడు!" అంటూ పాప మెడ వెనక చెయ్యి వేసి దగ్గరికి తెచ్చి, గొంతు తగ్గించి "బిస్మిల్లా" అంది.

నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. నొప్పి వచ్చింది. పది గుక్కల దాకా ఉండి, తర్వాత సన్నగిల్లింది. కళ్లు తెరిచి చూస్తే పాప గడ్డం నాకు అదుముకుని, చెంపలు నిండుగా ఆడిస్తూ, గుటగుటా మింగుతోంది. దాని గుప్పెట్లు విచ్చుకుని ఉన్నాయి. అప్పటిదాకా నేను ఆ వేళ్లు సరిగ్గా చూడనే లేదు. చిటికెన వేలు అచ్చం మా నాన్న వేలిలా వంకరగా ఉంది.

"వదిలేటప్పుడు లాక్కోకు. నోటి మూలన చిటికెన వేలు పెట్టు, అదే వదులుద్ది" అని చెప్పి, ఆవిడ పరుపుల దగ్గరికి వెళ్లిపోయింది. పుండ్లు మానడానికి ఇంకో నాలుగైదు రోజులు పట్టింది. డబ్బా పాలతో మా అమ్మ వారం రోజులు వచ్చేపోయేవాళ్లకి టీ పెట్టింది. టీ భలే చిక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత నేను ఊరికెళ్లినప్పుడల్లా ఆవిడ వచ్చేది. పాప బుగ్గ నొక్కి, "ఏ చేలో దూదమ్మా ఇది, భలే ఉంది" అనేది. మా అమ్మ ఆవిడ ముందే చుట్టాలతో గొప్పలు పోయేది, "మా మనవరాలి పెళ్లిపరుపుకి దూది అప్పుడే దాచా. కావాలంటే పరుపులామెనడగండి" అని. ఆవిడ గొంతులో ఏ తేడా లేకుండా, "అట్టాంటి దూది గుంటూరు జిల్లాలోనే ఉండదమ్మా" అనేది. అందులో అబద్ధమేముంది? నేను నవ్వాపుకోలేక లోపలికి పారిపోయేదాన్ని. ఇన్ని ఇళ్ల గుట్టు దిండ్ల మీద చదివి వీధిలో చెప్పిన మనిషి, మా ఇంటి గుట్టు మాత్రం చివరిదాకా దాచింది. ఎందుకు దాచావని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒక వెటకారం ఆడేసేది.

ఆవిడని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది బారసాల రోజు. ఇంటినిండా జనం. ఉయ్యాలకి బంతిపూలు కట్టారు. పాప పొద్దున్నే కడుపునిండా తాగి, ఆ గోలలోనే హాయిగా నిద్రపోతోంది. "మంచి పిల్ల, కదల్దు మెదల్దు" అని అందరూ ముచ్చటపడుతున్నారు. నేను కొత్తచీర కట్టుకుని పక్కన కూర్చున్నాను. గంట గడిచింది. ఇంకో అరగంట గడిచింది. పాలు నిండి రొమ్ములు బరువెక్కాయి. అది ఒక్కటే కాదు. దాని చెంపలు అలా ఆడటం, వేళ్లు విచ్చుకోవడం చూసి చాలాసేపైనట్టనిపించింది. లేవదేంటి ఇది, ఇంకా లేవదేంటి అని ఒకటే తహతహ. ఎవరూ చూడటం లేదనుకుని ఉయ్యాల్లో చెయ్యి పెట్టి, దాని అరికాలిలో చక్కిలిగిలి పెట్టాను.

అమ్మ చూడనే చూసింది. "మతిపోయిందటే నీకు? నిద్రపోయే పిల్లని లేపుతావా?" అని కేకేసింది.

గుమ్మం దగ్గర కింద కూర్చుని విస్తరిలో పులిహోర తింటున్న పరుపులావిడ తలెత్తి నా వైపు చూసింది. "లేపుకోనియ్యమ్మా. ఇయ్యాళ ఆకలి తల్లికేసింది" అంది.

అందరూ నవ్వారు. పాప కాలు ముడుచుకుని, ఒళ్లు విరుచుకుని, కళ్లు తెరవకుండానే ఏడుపు అందుకుంది. దేవుడా, ఎంత బాగుందో ఆ ఏడుపు!